'నాకు రాగం వస్తోంది' అంటాడు మా వాడు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తారు, ఏడాదికి రెండుసార్లు ఇంటికి వస్తారు. ఇక్కడ నేను, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటాం. బాబుకి ఎనిమిదేళ్ళు, ఒడియా బడిలో మూడో తరగతి. పాపకి ఐదేళ్ళు. బాబు చాలా బుద్ధిమంతుడని, అసలు నోరే విప్పడని మాస్టర్లు చెబుతారు. ఇంటి గడప దాటేసరికి మనిషి మారిపోతాడు. సంచీ విసిరికొడతాడు, చెల్లెల్ని తోస్తాడు, అన్నంలో పప్పు ఒక పక్కకు జారినా ఏడుస్తాడు. 'నాకు రాగం వస్తోంది' అని అరుస్తాడు. ఒడియాలో రాగం అంటే కోపం కదా. మా అత్తగారికి ఒడియా అంతంత మాత్రం. 'వస్తే పాడరా నాయనా' అంటారు. దాంతో వాడికి ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఎండలు ముదిరి పొద్దుటి బడి పెట్టాక మరీ కష్టంగా ఉంది. పదకొండు గంటలకల్లా వచ్చేస్తాడు, సాయంత్రం దాకా బయటికి పంపలేను. మేముండేది మేడ మీద వాటా. గెంతితే కిందనుంచి ఇంటివారు కర్రతో కప్పు కొడతారు. ఫోను ఇస్తే రెండు గంటలు కదలడు, తీసుకుంటే ఇల్లు పీకి పందిరి వేస్తాడు. రాత్రి పదయినా నిద్రపోడు, మంచం మీద గెంతుతాడు. పాప ఇందుకు పూర్తిగా ఎదురు. పొద్దున లేచిన గంట దాకా మూల కూర్చుని మాట్లాడదు, పిలిస్తే పలకదు. దిష్టి అంటారు అత్తగారు. కరాటేలో చేర్పించమంటుంది పక్కింటావిడ. మా వాడికి ఏమైనా జబ్బు ఉందంటారా? — ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీ అత్తగారి మాట చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడ తప్పేమీ లేదు. సంస్కృతం నుంచి ఒకే మాటను రెండు భాషలు తెచ్చుకున్నాయి. మనం దాన్ని పాటకు కట్టుకున్నాం, వాళ్ళు కోపానికి కట్టుకున్నారు. బరంపురంలో ముప్పై ఏళ్ళకు పైగా డ్రిల్లు టీచరుగా పని చేశాను. 'దిదీ, రాగ లాగుచి' (అక్కా, కోపం వస్తోంది) అనే మాట రోజుకు పదిసార్లయినా నా చెవిన పడేది. అది అన్నవాడు అప్పటికే ఎవడినో ఒకడిని కొట్టి ఉండేవాడు.

అయితే మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది రాగం దగ్గర కాదు, దాని పక్కనున్న క్రియ దగ్గర. మీ వాడు 'రాగం వచ్చింది' అనడం లేదు, 'వస్తోంది' అంటున్నాడు. చెల్లెల్ని తోయకముందు, సంచీ విసరకముందు, తన ఒంట్లో ఏదో లేస్తోందని వాడికి తెలుస్తోంది, పైకి చెబుతున్నాడు కూడా. నలభై దాటిన మగవాళ్ళలో ఎంతమందికి ఉంది ఈ తెలివి? కంచం గోడకు తగిలాక గాని తమకు కోపం వచ్చిన సంగతి వాళ్ళకు తెలియదు. కాబట్టి ముందు ఆ మాటను కాపాడండి. అత్తగారికి అర్థం చెప్పండి. వాడు 'వస్తోంది' అన్నప్పుడు 'ఏమిటా అరుపు' అనకండి, 'వినబడింది, రా' అనండి. వస్తోందికీ వచ్చిందికీ మధ్య ఒక నిమిషమో రెండు నిమిషాలో ఉంటాయి. మీరు చేయగలిగిన పని అంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది.

ఇప్పుడు వాడి రోజు చూద్దాం. ఇంట్లో నీళ్ళు, బడిలో పాణి. ఇంట్లో అనుకున్నది బడిలో అనాలంటే లోపల ఒకసారి తిప్పుకోవాలి, తప్పు దొర్లితే పక్కవాడు నవ్వుతాడు. అలాంటి చోట పిల్లవాడు ముందు నాలుకను కట్టేసుకుంటాడు. నాలుక కట్టేసుకున్నవాడు కాళ్ళూ చేతులూ కూడా కట్టేసుకుంటాడు, ఇది నేను వందలమందిలో చూశాను. మాస్టర్లు బుద్ధిమంతుడని మెచ్చుకుంటున్నది చాలావరకు ఆ బిగింపునే కావచ్చు. బెరుకు కలిగినప్పుడల్లా మూత్రపిండాల మీద టోపీలా కూర్చున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది. పరుగెత్తడానికో తిరగబడడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. బెంచీ మీద కూర్చున్నవాడు ఆ రెండూ చేయలేడు. అలా నాలుగు గంటలు మూట కట్టుకున్నదంతా తెచ్చి, తనను ఎవరూ వెళ్ళగొట్టని చోట విప్పుతాడు. మీ ఇల్లు ఆ చోటు. ఈ మాట మీకు ఊరట కలిగించదని నాకు తెలుసు, చెల్లెలికైతే అసలు కలిగించదు.

'నెమ్మదిగా ఉండు' అంటే వాడు ఉండలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆవేశానికి కళ్ళెం వేసే భాగం నుదుటి వెనక, మెదడు ముందు వైపున ఉంటుంది. అది పూర్తిగా ఎదిగేసరికి మనిషికి ఇరవై అయిదేళ్ళు వస్తాయి. ఎనిమిదేళ్ళవాడికి అది ఇంకా లేత కొమ్మ. పాలు పొంగుతుంటే మనం గిన్నెకు నీతులు చెప్పం కదా, సెగ తగ్గించి గరిటె పెట్టి కలుపుతాం. పిల్లవాడి ఒంటికి ఆ గరిటె ఏమిటన్నదే అసలు ప్రశ్న. 'బాగా పరుగెత్తించండి, అలిసిపోతాడు' అని మీకు చాలామంది చెప్పే ఉంటారు. నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేదాన్ని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాలుగో తరగతి కుర్రవాడొకడు ప్రార్థన వరుసలో రోజూ ఎవడితోనో ఒకడితో కలబడేవాడు. ఒకరోజు విసుగెత్తి మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరుగెత్తమన్నాను. పరుగెత్తాడు. ఎగరొప్పుతూ, మొహం కందగడ్డలా చేసుకుని, పిడికిళ్ళు బిగించుకుని వచ్చి, నా కళ్ళ ముందే ఇంకొకడి చొక్కా చింపాడు. కోపంలో ఉన్నవాడి గుండె అప్పటికే దడదడలాడుతోంది, నేను దానికి ఇంకో నాలుగు చుట్లు కలిపాను. పైగా అందరూ చూస్తుండగా. మర్నాడు వాడు వరుసలో భుజాలు ఎగరేయడం చూసి, ఏమీ అనకుండా పిలిచి, తరగతి గదిలో ఉన్న పెద్ద బల్లను వరండా చివరకు తోసుకురమ్మన్నాను. ఇనుప కాళ్ళ బల్ల, ఒక్కడికి కదలడం కష్టం. తొడలు, వీపు, అరచేతులు అన్నీ పెట్టి తోశాడు. అక్కడికి చేర్చి, మోచేతులు బల్ల మీద ఆనించి పెద్దగా ఊపిరి వదిలాడు. 'దిదీ, మళ్ళీ లోపల పెట్టమంటారా' అని అడిగాడు. ఆ బల్లతో నాకు అక్కడ ఏ పనీ లేదని వాడికి ఇప్పటికీ తెలియదు.

కండరాల్లోనూ కీళ్ళలోనూ మన చేయి ఎక్కడుంది, ఎంత బలం పెడుతోంది అని మెదడుకు కబురు పంపే నాడులు ఉంటాయి. తోయడం, లాగడం, మోయడం, ఎక్కడం, పిండడం, ఇలాంటి పనుల్లో ఆ కబురు గట్టిగా, నిలకడగా పోతుంది. ఎగసిపడుతున్న చాలామంది పిల్లలను ఇది కుదుటపరుస్తుంది. మన పాత ఇళ్ళలో ఈ పనులకు కొదవ లేదు. బావి, రోలు, తిరగలి, కట్టెల మోపు ఉండేవి. అవి పోయినందుకు నేనేమీ కన్నీళ్ళు పెట్టను, ఆడవాళ్ళ నడుములు విరిగింది అక్కడే. కాని వాటితో పాటు పిల్లల ఒంటికి దొరికే బరువు కూడా పోయింది.

మీరు మేడ మీద వాటాలో, పదకొండు గంటల ఎండలో, కింద ఇంటివారి కర్ర దెబ్బ పడకుండా చేయగలిగింది ఒకటి చెబుతాను. దుప్పటి పిండడం. ఉతికిన దుప్పటిని వాడు వచ్చే వేళకు బకెట్లో నీళ్ళలోనే ఉంచండి. ఒక కొస మీరు, రెండో కొస వాడు. ఎదురెదురుగా నిలబడి ఎవరి కుడికి వారు తిప్పండి. మొదట్లో వదులుగానే ఉంటుంది, వాడు నవ్వులాటగా తిప్పుతాడు. మెలిక బిగిసే కొద్దీ వాడి మడమలు నేలకు దిగుతాయి, మోకాళ్ళు కాస్త వంగుతాయి, పొట్ట లోపలికి పోతుంది, నాలుక పళ్ళ మధ్యకు వస్తుంది. నీళ్ళు ధారగా, తర్వాత చుక్కలుగా కారతాయి. 'ఇంకో చుక్క రాదు' అని మీరనండి. వాడు తప్పకుండా ఇంకో చుక్క రప్పిస్తాడు. అది పడగానే హుష్షని ఊపిరి వదిలి భుజాలు దించుతాడు. ఆ హుష్షు కోసమే ఈ తిప్పలన్నీ. రోజూ దుప్పటి ఉతకాలా అంటారేమో. అక్కర్లేదు, ఉతికిన దుప్పటినే మళ్ళీ తడపండి. వేసవిలో తడి చేతులు హాయిగానే ఉంటాయి.

దుప్పటి పిండే ముందు 'ఈ రోజు బడిలో ఏం చెప్పారు' అని అడగకండి. మాటలతో అలిసిపోయి వచ్చినవాడిని మళ్ళీ మాటలే అడిగితే ఏమి చెబుతాడు? ముందు మంచినీళ్ళు, తర్వాత నమలడానికి గట్టిగా ఏదైనా పెట్టండి. వేయించిన శనగలు, జంతిక, చెరకు ముక్క ఏదైనా సరే. దవడకూ పని కావాలి. ఆ తర్వాత దుప్పటి. మాటలు వాటంతటవే వస్తాయి. చాలాసార్లు చివరి చుక్క పడ్డాక వస్తాయి.

మధ్యాహ్నానికి ఇంకొన్ని: గోడను రెండు చేతులతో తోయడం ('మేడను పక్క వీధిలోకి జరుపుదాం' అంటే ఎనిమిదేళ్ళవాడు ఒప్పుకుంటాడు), ఎలుగుబంటిలా నాలుగు కాళ్ళ మీద వంటింటి నుంచి గుమ్మం దాకా నడవడం, పీతలా వెనక్కి నడవడం, తడిగుడ్డతో నేల గట్టిగా రుద్దడం, చపాతీ పిండి పిసకడం. వీటిలో దేనికీ చప్పుడు లేదు. సాయంత్రం ఎండ వాలాక బోరింగు దగ్గరికి తీసుకెళ్ళండి. బోరింగు కొట్టడం లాంటి పని ఇంకొకటి లేదు. ఒళ్ళంతా ఒక లయలో లేచి పడుతుంది, ఫలితం కళ్ళ ముందు బకెట్లో కనబడుతుంది. సగం బకెట్టే మోయించండి, మోస్తూ మాట్లాడగలిగితే బరువు సరిపోయినట్టు. మా బరంపురం కుర్రవాడు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాక, మా వీధుల్లో ఇటుకలు ఎత్తని పిల్లవాడు లేడు. ఆ ముచ్చట చూడడానికి బాగుంటుంది గాని, నేర్పేవాడు లేకుండా బరువులెత్తడం వద్దు.

అన్ని కదలికలూ ఒకే పని చేయవని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. రాత్రి మంచం మీద గెంతడం, గిరగిరా తిరగడం, వెంటపడి పట్టుకునే ఆట, చక్కిలిగింతలు, ఇవన్నీ సెగ పెంచేవి. చెవి లోపల అర్ధచంద్రాకారంలో మూడు గొట్టాలున్నాయి, వాటి నిండా ద్రవం ఉంటుంది. మనం తిరిగితే అది తిరుగుతుంది, మనం ఆగాక కూడా కాసేపు ఆగదు, అందుకే కళ్ళు తిరుగుతాయి. ఒప్పులకుప్ప తిరిగిన పిల్లలు ఆట ఆపాక కూడా కేరింతలు కొడుతూ తూలడానికి సగం కారణం అదే. పగలు అది మంచి ఆట. రాత్రి తొమ్మిదింటికి ఆడించి పడుకోమంటే ఎవరు పడుకుంటారు? అదే ఉయ్యాల అయితే, మెల్లగా, ఒకే కొలతగా ముందుకూ వెనక్కూ పోయేది, జోకొడుతుంది. చంటిపిల్లల తల్లులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో మంచి ఆట ఉంది, మన చెడుగుడు. కోర్టు అక్కర్లేదు, కూత చాలు. ఒకే ఊపిరి మీద 'కబడ్డి కబడ్డి' అంటూ ఎంతసేపు ఆపకుండా ఉండగలవో చూద్దాం అనండి. ఊపిరి బయటికి పోతున్నప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నాడి చేసే పని అది. 'కళ్ళు మూసుకుని దీర్ఘంగా శ్వాస వదులు' అంటే మీ వాడు మీ మొహం చూస్తాడు. కూత పెట్టమంటే పందెం అంటాడు. మీ వీధిలో ఒడియా పిల్లలు రజ పండుగకు ఆడే బాగుడి కూడా ఈ జాతిదే. ఆ గుంపులోకి వాడిని పంపగలిగితే మరీ మంచిది. ఆటలో ఒడియా తప్పుగా మాట్లాడితే ఎవరూ నవ్వరు, అవుటయినవాడు ఎవడన్న గొడవలో వ్యాకరణం ఎవరికి పట్టింది? నాకు తెలిసిన తెలుగు పిల్లలకు ఒడియా బడిలో కంటే మైదానంలోనే ముందు వచ్చింది.

మీ ఊరి గురించి ఒక పక్క మాట. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆయన 1863లో పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినం అంటాం. హాకీ ధ్యాన్‌చంద్ 1905లో పుట్టినదీ ఆగస్టు 29నే, అందుకే అది జాతీయ క్రీడా దినం కూడా. మాటకూ ఆటకూ ఒకే తేదీ కుదిరింది. బళ్ళలో మాత్రం ఒక దండ వేసి, ఒక ఉపన్యాసం ఇచ్చి, పిల్లలను రెండు గంటలు కూర్చోబెట్టి రెండు పండుగలూ అయిపోయాయంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెంచే శ్రమ కావాలి. వారంలో మూడు రోజులు ఎముకకూ కండకూ బలమిచ్చే పనీ ఉండాలి. ఈ గంటంతా ఒకేసారి కావాలని లేదు. మధ్యాహ్నం పావుగంట, సాయంత్రం ముప్పావుగంట అనుకోండి. సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డు వైపు నడిపించుకు వెళ్ళినా సరే, మీరు తోడుండాలి, నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ ఆటా వద్దు.

ఫోను విషయం. అది వాడిని కుదురుగా ఉంచుతోందని మీరనుకుంటున్నారు. ఒళ్ళు మాత్రమే కుదురుగా ఉంది. లోపల పులులు, కార్లు, తుపాకులు పరుగెడుతూనే ఉన్నాయి, కాళ్ళకు మాత్రం పని లేదు. బడిలో నాలుగు గంటలు కట్టిన మూట మీద ఇంకో మూట. తీసుకున్నప్పుడు వాడు పీకేది ఆ రెండు మూటలనూ కలిపే. పూర్తిగా మానిపించమని నేననను, మధ్యాహ్నం మీకూ కాసేపు నడుం వాల్చాలని ఉంటుంది. వరుస మార్చండి. బడి నుంచి రాగానే ఫోను కాదు. నీళ్ళు, తిండి, దుప్పటి, ఆ తర్వాత అరగంట ఫోను. ఆపిన వెంటనే చేతికి ఒక పని సిద్ధంగా ఉండాలి. 'ఫోను ఇలా ఇచ్చి ఈ బియ్యం డబ్బా అలా జరుపు' అన్నట్టు.

రాత్రి వాళ్ళ నాన్న ఫోను సంగతి మీరు రాయలేదు గాని నేను ఊహించగలను. సూరత్ నుంచి వాళ్ళ నాన్న ఫోను చేసేది పని ముగిశాక, తొమ్మిదికో తొమ్మిదిన్నరకో అయి ఉంటుంది. ఆ తెర మీద నాన్న మొహం చూశాక ఏ పిల్లవాడు నిద్రపోతాడు? వీలైతే ఏడున్నరకు మార్చుకోమనండి. షిఫ్టు కుదరకపోతే పొద్దున్నే చేయమనండి. 'బాగా చదువుతున్నావా, అమ్మ మాట వింటున్నావా' అని విచారణ జరపకుండా, ఇద్దరూ కలిసి పది బస్కీలు తీయమనండి. అక్కడ ఆయన, ఇక్కడ వీడు, లెక్క పెట్టేది పాప. నేను చూసిన ఒక ఇంట్లో తండ్రి ఏడుకే ఆగిపోయేవాడు, కొడుకు ఆ మూడింటి తేడాను వారమంతా వీధిలో చెప్పుకునేవాడు. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఎన్ని బకెట్లు మోసినా నాన్న మీద బెంగ తీరదు. ఆ బెంగను మోయగలిగే బలం మాత్రం కొంచెం వస్తుంది. ఏడిస్తే ఏడవనివ్వండి.

నిద్ర ఈ వయసుకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి. పొద్దుటి బడికి అయిదున్నరకు లేచేవాడు రాత్రి పదింటికి పడుకుంటే లెక్క మీరే చూడండి. ఆ తక్కువ పడిన నిద్ర కూడా మర్నాడు రాగమై వస్తుంది. ఎనిమిది తర్వాత గెంతులు ఆపి, దుప్పటిలో తల బయట ఉండేలా బొంతలా చుట్టి, అటూ ఇటూ మెల్లగా దొర్లించండి. తర్వాత కాళ్ళకు కాస్త నూనె రాసి గట్టిగా నిమరండి. అది మీ అత్తగారికి అప్పగించండి. దిష్టి తీయాలని ఉంటే తీయనివ్వండి, మిరపకాయలు ఖర్చవుతాయి అంతే. దిష్టి తీసిన చేత్తోనే కాళ్ళు పిసకమనండి.

ఇక పాప. ఉత్తరంలో ఆ పిల్లకు మూడు వాక్యాలే దక్కాయి. అల్లరి చేయని పిల్లల మీద పెద్దలకు ఎప్పుడూ ఇంతే శ్రద్ధ. అన్నకు సెగ తగ్గించాలి, చెల్లికి కాస్త ఎగదోయాలి. కొందరు పిల్లలు మెల్లగా మేలుకుంటారు, అది జబ్బు కాదు. లేవగానే మాటలతో కాకుండా మొహం మీద చన్నీళ్ళతో, తర్వాత చెమ్మచెక్కతో మొదలుపెట్టండి. అరచేతులు తగులుతుంటే పిల్ల కళ్ళలోకి వెలుగు వస్తుంది. చాప మీద కుందేలు గెంతులు, సుద్దతో గీసిన తొక్కుడుబిళ్ళ, ఒంటికాలు మీద నిలబడే పందెం, ఇలా పొట్టిగా, చురుగ్గా, ప్రతిసారీ కొంచెం మారుతూ ఉండేవి ఆడించండి. ఒడియా ఆడపిల్లలు గొంతుక్కూర్చుని కాళ్ళు మార్చి మార్చి చాపుతూ ఆడే పుచి నేర్పించండి, నేను నలభై ఏళ్ళప్పుడు కూడా ఆడి మోకాలు పట్టేసుకున్నదాన్ని. అయితే రోజంతా అలాగే నీరసంగా ఉంటే, కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే, రక్తం తక్కువేమో పరీక్ష చేయించండి. నులిపురుగుల మాత్ర ఏటా ఫిబ్రవరి 10కీ ఆగస్టు 10కీ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు. ఇద్దరికీ వేశారో లేదో కనుక్కోండి. అన్న తోసినందుకు బెదిరి మూల కూర్చుంటోందేమో కూడా చూడండి.

కరాటే మీ వాడు అడిగితే చేర్పించండి. చేర్చే ముందు ఒక గంట గుమ్మం దగ్గర నిలబడి చూడండి. నేర్పే ఆయన పిల్లల మీద అరిచే రకమైతే వెనక్కి వచ్చేయండి, అరుపు వాడికి బడిలోనూ ఇంట్లోనూ సరిపడా దొరుకుతోంది. ఇంకొకటి, కదలికను శిక్షగా మార్చకండి. గుంజీళ్ళు వినాయకుడి ముందు నవ్వుతూ తీస్తాం, బడిలో తీయిస్తే అవమానం. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల ఒంటి మీద దండననూ మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. అలాగే 'అల్లరి చేశావు కాబట్టి ఈ రోజు ఆటకు పంపను' అనకండి. అది, దగ్గుతున్నాడని మందు మానేసినట్టే.

జబ్బా అని అడిగారు. నేను డాక్టరును కాను. కుదురులేనితనం ఒక సమస్య అనుకోవాలంటే అది ఇంట్లోనూ బడిలోనూ, రెండు చోట్లా, నెలల తరబడి కనబడాలని వైద్యులు చెబుతారు. మీ వాడు బడిలో కదలడు, అందుకని నా అనుమానం అటు పోవడం లేదు. నాకు ఎక్కువ కలత కలిగించింది వాడి అల్లరి కాదు, బడిలో ఆ మౌనం. మాస్టరును ఒంటరిగా కలవండి, ఎవరైనా ఏడిపిస్తున్నారా, వినికిడి సరిగా ఉందా, బోర్డు కనబడుతోందా అడగండి. ఇవన్నీ చేసినా నెల రెండు నెలల్లో మార్పు లేకపోయినా, వాడు తనను తాను కొట్టుకుంటున్నా, తిండి మానేసినా, చెల్లెలికి దెబ్బలు తగులుతున్నా ఆగకండి. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, పిల్లల విభాగంలో చూపించండి. అంత దూరం వెంటనే రాలేకపోతే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

మొదటి వారం ఏమీ మారదు. దుప్పటి ఒకరోజు మీ మొహాన విసురుతాడు కూడా. పాలు పొంగిపోయిన రోజున ఊది లాభం లేదు, వాడి దగ్గరే కూర్చుని, చెల్లెల్ని పక్క గదిలోకి పంపి, పొయ్యి తుడుచుకున్నట్టు తుడుచుకోండి.

మీ ఉత్తరం కింద పెన్సిలుతో రెండు వాక్యాలున్నాయి, మీరు చూశారో లేదో. ఒడియా అక్షరాల్లో రాసిన తెలుగు. 'ఉయ్యాల ఎప్పుడు కడతారు. అమ్మ దూలం విరుగుతుంది అంటోంది.' దానికి జవాబు మీకు కాదు, వాడికి.

బాబూ, అమ్మ చెప్పింది నిజమే, మేడ మీద దూలానికి కట్టకూడదు. రజ పండుగ జూన్ నడుమ వస్తుంది, అప్పుడు మీ వీధిలో చెట్టుకు ఎలాగూ కడతారు. అంతదాకా ఆగలేనంటే మామిడి చెట్టు చూడు, నీ తొడకంటే లావైన పచ్చికొమ్మ ఉండాలి, ఎండిన కొమ్మ వద్దు. కొత్త తాడు కావాలి, పీట కావాలి. కట్టాక ముందు పెద్దవాళ్ళు ఇద్దరు కూర్చుని ఊగి చూడాలి, ఆ తర్వాత చెల్లి, ఆ తర్వాత నువ్వు. రాగం వస్తున్నప్పుడు నిలబడి కాళ్ళతో తొక్కుతూ ఊగు, తగ్గాక కూర్చుని ఊగు. నాయనమ్మను కూడా ఎక్కించు, ఆవిడ పాడతానంటే పాడనివ్వు. ఎవరు ఎక్కువ ఎత్తు ఊగారో నాకు రాయి. ఒడియా అక్షరాల్లోనే రాయి, నేను చదువుకుంటాను.